షించాన్ గూడ ఊరి యాసనే మాట్లాడుతడు

మా అన్న మొయినాబాద్ మండలంల అర ఎకరం పాలీహౌజ్ ఏసి క్యాప్సికం పండిస్తడు. ఆయన కొడుక్కు అయిదేండ్లు. కూరల క్యాప్సికం ముక్క కనవడ్డదంటే పళ్లెం అవుతలికి నూకుతడు. "ఎందుకు తినవురా?" అంటే "షించాన్ తినడు కదా" అంటడు. ఇంటిల్లిపాది క్యాప్సికం మీద బతుకుతుంటే, ఎక్కడ్నో జపాన్ల ఉన్న బొమ్మ పోరడు చెప్పిండని వీడు ముట్టడు. మా వదినెకు నవ్వాల్నో కొట్టాల్నో సమజ్ కాదు.

మీరు గూడ నవ్వుతున్రని తెలుసు. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి దిక్కు ఇప్పుడు ఇరవై, ఇరవై అయిదేండ్లున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు శానమంది గా పోరనితోటే పెరిగిన్రు. బడికెల్లి రాంగనే బ్యాగు ఓ మూలకు ఇసిరేసి, టీవీ ముంగట కూసొని, అమ్మ బువ్వ కలిపి నోట్ల పెడుతుంటే షించాన్ చూసిన బ్యాచ్ మనది. మన దేశంల 2006ల హంగామా టీవీల మొదలైంది. హిందీల వచ్చింది, తెలుగుల, తమిళంల వచ్చింది. టీవీ పోయి ఫోన్ వచ్చినా వాడు పోలె. గిప్పుడు మీమ్స్‌ల, రీల్స్‌ల, స్టిక్కర్లల ఉన్నడు.

గని ఒక్క ముచ్చట మనకు ఎవ్వలూ చెప్పలె. జపాన్ల షించాన్ మాట్లాడేది మన డబ్బింగ్‌ల విన్నసొంటి సాపు భాష కాదు. వాని నోట్ల ఊరి యాస ఉంటది. గది చెప్పాలంటే జర ఎనుకకెల్లి రావాలె.

వాని పూరా పేరు షిన్నొసుకె నొహారా. బొమ్మ గీసినాయన యోషితో ఉసుయి. 1990ల "మాంగా యాక్షన్" అనే వారపత్రికల "క్రేయాన్ షించాన్" అని మొదలువెట్టిండు. మాంగా అంటే జపాన్ బొమ్మల కథ. నల్ల సిరాతోటి గీస్తరు, పేజీలు కుడి దిక్కుకెల్లి ఎడమ దిక్కుకు సదువుతరు, వారం వారం పత్రికల వచ్చినయన్ని జమచేసి పుస్తకాలేస్తరు. క్రేయాన్ షించాన్ గట్ల 50 పుస్తకాలైంది. అండ్ల ఒక కిటుకున్నది. గా పత్రిక పిల్లలది కాదు, కొలువులు చేసే పెద్దమనుషులది. పొద్దంత ఆఫీసుల తిట్లు తిని ఇంటికి పోయేటోడు, వాని ఇంటి ముచ్చట వానికే చూపెడితే నవ్వుకుంటడని గీసిన బొమ్మలవి. 1992 ఏప్రిల్ల టీవీ అసాహి అనే చానల్ దాన్ని బొమ్మల సీరియల్ చేసింది. టీవీలకు రాంగనే పిల్లలు ఎగవడ్డరు. గప్పటి సంది ఇప్పటిదాంక వస్తనే ఉన్నది, వెయ్యి ఎపిసోడ్లు దాటి ఎన్నడో అయింది.

ఉసుయి 2009 సెప్టెంబర్ల ఒక్కడే గుట్టెక్కనీకె పోయి, అరాఫునె అనే గుట్ట మీదికెల్లి పడి సచ్చిపోయిండు. 51 ఏండ్లు. ఆయన దగ్గర పనిచేసిన బొమ్మలోళ్లే 2010కెల్లి కథ ముంగటికి తీసుకపోతున్రు. ఇంకోటి, గా అయిదేండ్ల పోరని గొంతు ఒక ఆడమనిషిది. అకికో యజిమా అనే ఆమె 1992 సంది 2018 దాంక, అంటే 26 ఏండ్లు, షించాన్ లెక్క మాట్లాడింది. ఆమె మానేసినంక యుమికో కొబయాషి మాట్లాడుతున్నది, ఆమె గూడ ఆడామెనే.

ఇగ షించాన్ ఉండేది ఎక్కడ? టోక్యో అనుకుంటరు మస్తుమంది. కాదు. కసుకాబె. సైతామా అనే రాష్ట్రంల ఉంటది, టోక్యో నడుమకెల్లి ఉత్తరం దిక్కు దాదాపు 35 కిలోమీటర్లు. గీసిన ఉసుయి గూడ గా ఊర్లనే పెరిగిండు. మన చేవెళ్ల హైదరాబాద్‌కు ఎంత దూరమో గదీ అటిటు గంతే. పట్నం కాదు, అట్లని పూరా పల్లె గూడ కాదు. ఇండ్ల ఎనుక చేన్లుంటయి, చేన్ల నడుమ అపార్ట్‌మెంట్లు లేస్తయి. పొద్దుగాల మొగోళ్లంత పట్నం బండెక్కుతరు, మాపటికి దిగుతరు. జాగ ధర పట్నంల అందకపాయె, గందుకే గింత దూరం వచ్చి ఇల్లు కట్టుకునుడు.

షించాన్ నాయిన పేరు జపాన్ల హిరోషి, మన డబ్బింగ్‌ల హ్యారీ. 35 ఏండ్లు. ఆయన పుట్టింది అకితా, జపాన్ ఉత్తరాన మంచు, వరి చేన్లు ఉండే జిల్లా. అమ్మ మిసాయె, మనకు మిట్సీ, 29 ఏండ్లు, గామె దక్షిణాన కుమామొతొకెల్లి వచ్చింది. అంటే ఇద్దరూ ఊరు ఇడిచి పట్నం పని కోసం వచ్చినోళ్లే. పట్నంల ఇల్లు కొనే తాకత్ లేక కసుకాబెల ఆగిపోయిన్రు. ఆ ఇంటి లోన్ ఇంకా 32 ఏండ్లున్నదని హిరోషి అనుకుంట ఉంటడు. 32 ఏండ్లు! వాడు లోన్ తీర్చేసరికి షించాన్ ఇప్పటి హిరోషి కన్న పెద్దోడైతడు. ఒకసారి కథల గ్యాస్ లీకై ఇల్లు మొత్తం పేలిపోతది. ఇల్లు పేలింది గని లోన్ పేలలే. కుటుంబమంత ఒక పాత చిన్న అపార్ట్‌మెంట్ల కిరాయికి పోయి ఉంటరు.

చిన్నప్పుడు చూసినప్పుడు మనకు షించాన్ అల్లరే కనవడ్డది. గిప్పుడు మల్ల చూడున్రి, హిరోషి కనవడుతడు. నెల జీతంలకెల్లి మిసాయె లెక్కవెట్టి ఇచ్చే చేతి ఖర్చు, తగ్గింపు ధర ఉన్నదంటే దుకాణంకు ఆమె ఉరుకుడు, ఆయన చెమట సాక్స్ వాసన. సాక్స్ వాసన మీద గన్ని జోకులెందుకంటే, గది పొద్దంత బూట్లేసుకొని తిరిగే కొలువోని వాసన. మెహిదీపట్నం పోయే బస్సుల నిలవడి, అప్పా జంక్షన్ కాడ ట్రాఫిక్‌ల సగం పాణం ఇడిచి, తొమ్మిదికి ఇల్లు చేరిన మీ నాయినో మీ అన్నో బూట్లు ఇప్పంగ ఏ వాసన వస్తదో గదే.

ఇంటిపేరు గూడ చెప్పాలె. నొహారా అంటే జపాన్ భాషల ఖాళీ మైదానం, గడ్డి బీడు. చెల్లె హిమావారి అంటే పొద్దుతిరుగుడు పువ్వు. కుక్క షిరో అంటే తెల్లది, మనం ఊర్ల తెల్ల కుక్కను "తెల్లోడా" అని పిలిచినట్టు. ఆ ఇంట్ల పేర్లన్ని చేనుగట్టు మీదియే. బంతి, చామంతి, గులాబీ పండించే మన దిక్కోళ్లకు గీ పేర్లు ఎవ్వలూ అర్థం చెప్పకపోవుడు నాకు జర కోపమే.

(ఇంకో ముచ్చట, కథకు సంబంధం లేదు గని ఊకోలేకపోతున్న. కసుకాబె భూమి కింద వరద నీళ్లు మల్లించే ఒక పెద్ద సొరంగం ఉన్నది. 6.3 కిలోమీటర్ల పొడుగు, 2006ల పూర్తయింది. చుట్టుపక్కల ఊర్లు మునగకుంట నీళ్లను పట్టి ఎదో అనే నదిలకు తోడిపోస్తది. మన కాడ 1908 మూసీ వరద అయినంక గండిపేట 1920ల, హిమాయత్‌సాగర్ 1927ల పూర్తయినయి. ఆ చెరువుల కోసమే 1996ల 111 జీవో వచ్చి 84 ఊర్లల కట్టడాలకు అడ్డం వడ్డది. జాగల ధరల ముచ్చట మొయినాబాద్ హోటల్ల చాయ్ తాగేటోన్ని ఎవ్వన్ని అడిగినా గంట చెప్తడు. పట్నం అంచున ఉన్న ఊరు పట్నం వరదను గూడ మొయ్యాలె, అక్కడైనా ఇక్కడైనా.)

2001ల వచ్చిన ఒక షించాన్ సినిమా ఉన్నది. కైచి హారా అనే ఆయన తీసిండు. పెద్దోళ్లందరు చిన్ననాటి యాదిల పడి, పిల్లల్ని మర్చిపోయి, ఇండ్లు ఇడిచి పోతరు. హిరోషి గూడ పోతడు. షించాన్ పోయి నాయిన బూటు తీసి నాయిన ముక్కుకే పెడుతడు. ఆ వాసనకు హిరోషి కండ్ల ముంగట మొత్తం తిరుగుతది. వాళ్ల నాయిన సైకిల్ ఎనుక కూసొని పోయిన ఊరి తొవ్వ, పట్నం వచ్చిన దినం, ఆఫీసుల తిన్న తిట్లు, పెండ్లి, కొడుకు పుట్టుడు, లోన్ ఇల్లు, ఎండల చెమటలు కక్కుకుంట తిరిగిన కొలువు, రాత్రి ఇంటికి వస్తే తలుపు కాడ పెండ్లాం పిల్లలు. ఒక్క మాట లేకుంట నడుస్తది ఆ ముక్క. ఎన్నో ఏండ్ల సంది వాసన మీద నవ్విచ్చి, గదే వాసనతోటి ఏడిపిచ్చిండు. నేను సిటీల రూముల ఉన్నప్పుడు ఫోన్ల చూసిన. చూసినంక ఇంటికి ఫోన్ చేసిన, నాయిన ఎత్తి "ఏమైందిరా గీ యాళ్ల?" అన్నడు. ఏం చెప్పాల్నో తెల్వక "ఊకెనే" అన్న.

గిప్పుడు అసలు ముచ్చటకొస్తా, యాస.

తెలుగుల "నేను" అంటే అందరం నేనే అంటం. జపాన్ భాషల "నేను"కు శాన మాటలున్నయి. మర్యాదగ మాట్లాడేటోళ్లు "వతాషి" అంటరు. మంచిగ సదువుకునే మొగపిల్లగాండ్లు "బొకు" అంటరు. షించాన్ దోస్తు కజామా ఉన్నడు కదా, ట్యూషన్లు, ఇంగ్లిష్ క్లాసులు, షర్టు నలగనీయడు, వాడు "బొకు" అంటడు. గండిపేట దిక్కు పెద్ద పెద్ద గేట్లున్న ఇంటర్నేషనల్ బడికి పసుపు బస్సుల పోయే పోరడు అనుకోన్రి. షించాన్ మాత్రం "ఒరా" అంటడు. "ఒరా" అంటే ఊర్ల రైతులు, ముసలోళ్లు అనే మాట, ఉత్తరం దిక్కు పల్లెల మాట. టోక్యో పక్కన పుట్టి పెరిగిన అయిదేండ్ల పోరడు తాత లెక్క "ఒరా" అనంగనే జపానోళ్లకు సగం నవ్వు అక్కడ్నే వస్తది. డ్రాగన్ బాల్ చూసినోళ్లకు ఇంకో మాట. గోకు గూడ "ఒరా" అనే అంటడు. లోకాన్ని కాపాడే మొనగాడు, జపాన్ల అంత పెద్ద హీరో, నోరు తెరిస్తే గుట్టల నడుమ పెరిగిన ఊరి పోరడే. దాన్ని వాళ్లు సిగ్గువడి మార్చలె.

షించాన్ మాటల ఇంకో తిక్క ఉన్నది. జపాన్ల ఎవ్వలన్న ఇంటికి వస్తే దర్వాజ కాడ "తదైమా" అంటరు. అంటే "నేనొచ్చిన" అన్నట్టు. లోపలున్నోళ్లు "ఒకయెరి" అంటరు, "వచ్చినవా" అన్నట్టు. షించాన్ బయటికెల్లి వచ్చి, చెప్పులిడిచి, తనే "వచ్చినవా!" అంటడు. మిసాయె లోపల్నుంచి "వచ్చిన అనాలెరా!" అని మొత్తుకుంటది. ప్రతిసారి గిదే. మల్ల ఇద్దరు తాతలు కలిస్తే ఇంకా తమాషా. అకితా తాత, కుమామొతొ తాత, ఎవని యాస వానిదే, మా దిక్కు గొప్పదంటే మా దిక్కు గొప్పదని కొట్లాట. పాలమూరు తాత, కరీంనగర్ తాత ఒక్క పెండ్లిల ఒక్క మంచం మీద కూసున్నట్టు.

గిదంత మన డబ్బింగ్‌లకు వచ్చేసరికి ఏమైంది? "నేను వచ్చాను", "నేను చేశాను", "అమ్మా, నాకు ఆకలేస్తుంది". తాత మాట్లాడినా గదే, కజామా మాట్లాడినా గదే, షించాన్ మాట్లాడినా గదే. డబ్బింగ్ చేసినోళ్లను పూరా తప్పువట్టను. "ఒరా"కు తెలుగుల సరిపోయే మాట లేదు, అన్ని యాసలల్ల నేను నేనే. రెండు రాష్ట్రాలకు ఒక్క డబ్బింగ్ పోతది, పైసలు తక్కువిస్తరు, టైం తక్కువిస్తరు, పెదవులు కలవాలె. ఇవన్ని నిజమే. గని యాస "నేను"లనే ఉండాలని ఏమున్నది? క్రియల పెట్టొచ్చు. కజామా "వచ్చాను" అని, షించాన్ "నేనొచ్చిన" అంటే సరిపాయె. తాత "అస్తున్నరా బిడ్డా" అంటే సరిపాయె. గంత చిన్న పని. అది ఎందుకు తోచలేదంటే, కార్టూన్ అంటే పిల్లలది, పిల్లలకు "మంచి తెలుగు" నేర్పాలె, మంచి తెలుగు అంటే మనది కాదు అనే లెక్క ఒకటి ఏండ్ల సంది ఉన్నది కాబట్టి.

సినిమాలల్ల గీ లెక్క ఇప్పుడిప్పుడే మారుతున్నది. ఒకప్పుడు మన యాస రౌడీకి, లేకపోతే పక్కన నవ్విచ్చేటోనికి. 2017ల "ఫిదా"ల బాన్సువాడ పిల్ల హీరోయిన్ అయింది. 2023ల "బలగం" మొత్తం గదే భాషల వచ్చింది. జగిత్యాల దిక్కు లంబాడిపల్లికెల్లి "మై విలేజ్ షో" వాళ్లు ఏ స్టూడియో లేకుంటనే ఊరి మాటను లోకానికి ఇనిపిచ్చిన్రు. బొమ్మల కార్యక్రమాల దాంక మాత్రం గది రాలె. పెద్దోళ్ల చెవులకు యాస ముట్టింది గని అయిదేండ్ల పిల్లగాని చెవులకు ముట్టలె.

ఆ జాగను ఇప్పుడు నింపుతున్నది మీరే, ఫోన్లల్ల స్పూఫ్ డబ్బింగ్‌లు చేసే తమ్ముళ్లు. షించాన్‌కు తెలంగాణ మాట పెట్టి వదులుతున్రు, మస్తు చూస్తున్రు జనాలు. నేనూ చూస్త. ఒక్కటి మాత్రం మొకం మీదనే చెప్త. శాన వాటిల యాస అంటే బూతు అయింది. నోరు తెరిస్తే అమ్మ మీద తిట్టు. అట్ల చేస్తే పాత సినిమాల మన యాసను రౌడీకి పెట్టినోనికి, మీకు ఏం ఫరక్? షించాన్ అమ్మను పేరు పెట్టి పిలుస్తడు, ఏడిపిస్తడు, ముడ్డి ఊపుకుంట డాన్స్ చేస్తడు. గని అమ్మకు జొరమొస్తే వాడు పక్కనే తిరుగుతడు. ఆ ఇంట్ల లొల్లి కింద పాయిరం ఉన్నది కాబట్టే ఇన్నేండ్లు నడిచింది. బూతు తీసి, మీ అవ్వ మిమ్ముల్ని తిట్టే తిట్లు పెట్టున్రి. "నీ పాడుగాను", "నీ జిమ్మడ". గవి చాలు.

అల్లరి మీద కయ్యం మనకాడనే కాదు. జపాన్ల తల్లిదండ్రుల సంఘాలు ఏటేటా పిల్లలకు చూపెట్టొద్దనుకునే కార్యక్రమాల మీద సర్వే చేసినప్పుడు షించాన్ పేరు పైననే ఉండేది. మన దేశంల 2008ల బంద్ చేసిన్రు, పిల్లలు చెడిపోతున్రని. 2009ల మల్ల వచ్చింది, శాన ముక్కలు కత్తిరిచ్చి. మా వదినె లెక్క మొత్తుకునే అమ్మలది తప్పని నేననను. పెద్దోళ్ల పత్రికకు గీసిన కథ, దాన్ని పిల్లగాడు ఒక్కడే కూసొని మూడు గంటలు చూస్తుంటే అండ్లకెల్లి అల్లరే తీసుకుంటడు, లోన్ ముచ్చట వానికేం తెలుస్తది. పక్కన పెద్దోళ్లెవ్వలన్న కూసోవాలె. గని పక్కన కూసునేటోడు తొమ్మిదికి ఇల్లు చేరుతుండు, గదీ కథల ఉన్నదే.

కసుకాబె నగరం మాత్రం ఆ అల్లరి పోరన్ని కాదనలె. 2004ల, నగరం పుట్టి 50 ఏండ్లైన యాడాది, షించాన్‌ను తమ గుర్తు బొమ్మ చేసుకున్నది. ఎవ్వలు లేని ఒక కుటుంబం మీద ఒక ఊరంత గర్వపడుతది. మన చేవెళ్ల పేరు చెప్తే బయటోళ్లకు ఏం యాదికొస్తది? 2003 పాదయాత్ర, ఎంపీ ఎన్నికలు, మర్రిచెట్ల రోడ్డు, ఆ రోడ్డు మీద యాక్సిడెంట్లు. మొయినాబాద్ అంటే ఫాంహౌజ్‌లు, చిలుకూరు బాలాజీ, వీసా మొక్కులు. గిక్కడ పొద్దుగాల మూడింటికి పూలు, కూరగాయలు ఏసుకొని మార్కెట్ పోయే ఇల్లు, పొలం అమ్మి కారు కొని కారు అమ్మి ఆటో నడిపే ఇల్లు, బిడ్డె వీసా కోసం 108 సుట్లు తిరిగే ఇల్లు, వీటి మీద నవ్వే కథ ఎవ్వలన్న గీసిన్రా? ఉసుయి పెద్ద కథలేం ఎతకలె. తను పెరిగిన ఊర్ల పక్కింటోళ్లు ఎట్లుంటరో గది గీసిండు.

2025 ఆగస్టుల జపాన్ల వచ్చిన కొత్త సినిమాల షించాన్, దోస్తులు మన దేశానికే వస్తరు. డాన్స్ పోటీల గెలిచి వచ్చుడు, ఎక్కువ మాట్లాడని బో-చాన్ మొండిగ తిరగవడుడు అండ్ల కథ. మా పోరడు దాని పోస్టర్ ఫోన్ల చూసి ఎగిరిండు. గప్పుడే వానికి "ఒరా" ముచ్చట చెప్పిన. షించాన్ మన తాత లెక్క మాట్లాడుతడురా, "నేనొచ్చిన" అన్నట్టే అంటడు అని.

వాడు నమ్మలె. "మరి టీవీల వచ్చాను అంటడు కదా కాకా" అన్నడు. జరసేపు ఆలోచన చేసి, "మా బడిల మేడం గూడ వచ్చాను అనమంటది. వచ్చిన అంటే అందరు నవ్వుతరు" అన్నడు.

వాళ్ల నాయిన గప్పుడే పాలీహౌజ్‌కెల్లి క్యాప్సికం బుట్ట నెత్తిన పెట్టుకొని దర్వాజల అడుగు పెట్టిండు. పోరడు నా దిక్కు చూసి, నాయిన దిక్కు చూసి, గట్టిగ ఒర్రిండు: "నాయినా, నేనొచ్చిన!"

"నువ్వెక్కడికి పోయినవురా రావడానికి?" అన్నడు మా అన్న.